పాదచారి విశాఖ: బీచ్ రోడ్డు నుంచి పరవాడ దాకా నడక, న్యాయం

ఒక పేటలో ఉండే మనిషి బడికో, బజారుకో, బస్టాపుకో, పనికో ప్రాణభయం లేకుండా నడిచి వెళ్లి రాగలిగితే ఆ పేటకు నడక యోగ్యత ఉన్నట్టు. ఆ వీలు ఏ పేటకు దక్కింది, ఏ పేటకు దక్కలేదు, ఎందుకు దక్కలేదు అని అడిగితే అది నగర న్యాయానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడడానికి విశాఖపట్నం మంచి ఉదాహరణ. అందులోనూ నగరానికి నైరుతి కొసన ఉన్న పరవాడ ఇంకా మంచి ఉదాహరణ. నగరం నడిబొడ్డున ఆరోగ్యం కోసం నడిచేవారికి సముద్రతీరంలో వెడల్పాటి దారి ఉంది. పరవాడలో గత్యంతరం లేక నడిచేవారికి రోడ్డు మార్జిన్ ఉంది, వాన పడితే అదీ ఉండదు.

ప్రాంతం

పరవాడ మండలం 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనలో అనకాపల్లి జిల్లాకు వెళ్లింది. ఒకప్పుడు పరవాడ పేరుతోనే శాసనసభ నియోజకవర్గం ఉండేది. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన తర్వాత అది రద్దయి, మండలం పెందుర్తి నియోజకవర్గంలో కలిసింది. కాగితాల మీద ఇలా చేతులు మారినా ఊరి బతుకుతెరువు మాత్రం విశాఖతోనే. ఒక పక్క ఉక్కు కర్మాగారం, మరో పక్క అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి, కిందికి దిగితే ముత్యాలమ్మపాలెం తీరం. వీటి మధ్యలోనే ఎన్టీపీసీ వారి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. 2002లో మొదటి యూనిట్‌తో మొదలై, నాలుగు యూనిట్లతో 2,000 మెగావాట్లకు చేరింది. సముద్రపు నీటితో పనిచేసే దాని శీతలీకరణ గోపురాలు చుట్టుపక్కల ఏ ఊరి నుంచి చూసినా కనిపిస్తాయి. 2000ల మధ్యలో దాదాపు 2,100 ఎకరాల్లో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ వచ్చింది.

పొలాలు, చెరువులు, గెడ్డలు ఉన్న పల్లెల్లోకి పాతికేళ్లలో ఇన్ని వచ్చి పడ్డాయి. పల్లెల మధ్య దారులు ఎడ్ల బళ్లకు, సైకిళ్లకు సరిపోయేలా ఉండేవి. వాటినే వెడల్పు చేసి, తారు పోసి, ట్రాలర్లకూ రసాయన ట్యాంకర్లకూ బూడిద మోసే బల్కర్లకూ ఇచ్చారు. వెడల్పు చేసినప్పుడు మనిషి నడిచే జాగా లెక్కలోకి రాలేదు. మిగతా సమస్యలన్నిటికీ మొదలు అదే.

నడకను కొలవడం

మోటారు బండి రాకముందు నడక యోగ్యత అని ఎవరూ విడిగా అడగలేదు. విశాఖ వన్‌టౌన్ ఆ కాలంలో పుట్టింది. కురుపాం మార్కెట్, బురుజుపేట సందుల్లో ఇప్పటికీ కారు కంటే మనిషే త్వరగా కదులుతాడు. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వచ్చే జనాన్ని ఆ సందులు మోయగలుగుతున్నాయంటే, వాటిని కాళ్ల కొలతతో వేశారు కాబట్టే. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తర్వాత ఎరువులు, జింకు, చివరికి ఉక్కు వరుసగా వచ్చాయి. నగరం గుండ్రంగా పెరగడం మానేసి, రహదారి పొడవునా సాగింది. గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి, లంకెలపాలెం అన్నీ ఒకే దారానికి గుచ్చినట్టు జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో ఇల్లు ఒక పక్కనా బస్టాపు మరో పక్కనా ఉండడం మామూలు. రోడ్డు దాటకుండా ఎవరికీ రోజు గడవదు.

పశ్చిమ దేశాల్లో ఈ చర్చ మోటారు కార్లు వీధులను ఆక్రమించాక లేచింది. 1961లో జేన్ జేకబ్స్ అమెరికన్ నగరాల మీద రాసిన పుస్తకంలో, జనం తిరిగే వీధే భద్రమైన వీధి అని వాదించింది. 1981లో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కో వీధులను పోల్చి చూపిన విషయం ఇంకా పదునైనది: వాహనాలు పెరిగిన వీధిలో ఇరుగుపొరుగు స్నేహాలు తగ్గిపోతాయి. కోపెన్‌హాగెన్ 1962లోనే తన ప్రధాన బజారు వీధి నుంచి కార్లను బయటికి పంపింది. 2007లో సియాటిల్‌లో పుట్టిన వాక్ స్కోర్ ఇంటి నుంచి దుకాణం, బడి, పార్కు ఎంత దూరమో చూసి నూటికి మార్కులు వేస్తుంది. 2016లో కార్లోస్ మొరెనో ప్రతిపాదించిన పావుగంట నగరం కూడా అవసరాల దూరాన్నే చూస్తుంది. మన దేశంలో 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కోసం విల్బర్ స్మిత్ సంస్థ 30 నగరాలను పరిశీలించి నడక సూచీ కట్టింది. ఒకటికి సగటున వచ్చింది 0.52. చండీగఢ్ అన్నిటికంటే ముందు నిలిచింది.

దూరాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతి పరవాడ లాంటి చోట బోల్తా పడుతుంది. ఇక్కడ కిరాణా కొట్టు, టిఫిన్ బండి, మందుల షాపు, సెల్ రీఛార్జి కొట్టు, ఆటో స్టాండు అన్నీ అద్దె గదుల ముంగిటే ఉంటాయి. వాక్ స్కోర్ లెక్కలో ఈ ఊరు అమెరికాలోని సంపన్న శివారును తేలిగ్గా దాటేస్తుంది. ఆ కొట్టుకు వెళ్లే రెండు వందల అడుగుల్లో ఏమవుతుందో ఆ లెక్కకు తెలియదు. నడిచేవాడికి వేరే దారి ఉందా, అతను ఇష్టపడి నడుస్తున్నాడా, తప్పక నడుస్తున్నాడా అన్నది ఏ సూచీలోనూ సరిగా పట్టుబడదు. సొంత బండి లేని మనిషి ఎంత ప్రమాదకరమైన రోడ్డు మీదైనా నడుస్తాడు. అతన్ని లెక్కలో వేసుకుని జనం బాగానే నడుస్తున్నారని నివేదిక రాసేయవచ్చు. 2011 జనగణనలో పనికోసం ప్రయాణించే వారిలో అన్నిటికంటే ఎక్కువమంది కాలినడకన వెళ్తున్నట్టు తేలింది. మన రోడ్లు బాగున్నాయనడానికి ఆ లెక్క రుజువు కాదు.

లంకెలపాలెం దగ్గర

జాతీయ రహదారి నుంచి పరవాడకు, ఫార్మాసిటీకి తిరిగే మలుపు లంకెలపాలెం. ఈ ప్రాంతంలో నడక ఎలా ఉంటుందో తెలియాలంటే షిఫ్టు మారే వేళ ఇక్కడ చూడాలి. మూడు షిఫ్టులు నడిచే కర్మాగారాలకు ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 ముఖ్యమైన గంటలు. పర్మినెంటు ఉద్యోగులు కంపెనీ బస్సు దిగి కంపెనీ గేటులోకి వెళ్తారు. కాంట్రాక్టు కార్మికులు షేర్ ఆటోల్లో వస్తారు. ఒడిశా, బిహార్, బెంగాల్, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు నలుగురైదుగురు కలిసి గది తీసుకుని ఉంటారు, ఆటో ఖర్చు మిగులుతుందని టిఫిన్ క్యారేజీ పట్టుకుని నడుస్తారు. అవే గంటల్లో ట్యాంకర్లు, ట్రాలర్లు కూడా ఈ మలుపే తిరుగుతాయి.

ఇలాంటి రోడ్డు దాటడానికి ఎంత వ్యవధి కావాలో లెక్క కట్టవచ్చు. నాలుగు వరుసల జాతీయ రహదారిలో ఒక పక్క తారు 7 మీటర్లు, దాని అంచున గట్టి షోల్డర్ మరో మీటరున్నర. డివైడర్ దాకా దాటాల్సింది 8.5 మీటర్లు. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే 7 సెకన్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ 7 సెకన్లలో 155 మీటర్లు దూసుకొస్తుంది. అంత దూరంలో బండి లేదని చూసుకున్నాకే అడుగు వేయాలి. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే ఆమెకు 10 సెకన్లకు పైగా పడుతుంది, కావలసిన ఖాళీ 235 మీటర్లు. రాత్రి పూట, ఎదుటి లైట్ల వెలుగులో, అంత దూరాన వచ్చే బండి వేగం అంచనా కట్టడం పడుచువాళ్లకే కష్టం. డివైడర్ చేరాక మరో సగం మిగిలే ఉంటుంది.

కూడలి ఆకారం కూడా నడిచేవాడికి ఎదురే. ఉక్కు చుట్టలు మోసే పొడవాటి ట్రాలర్ తిరగాలంటే మలుపు విశాలంగా ఉండాలి. అందుకని కూడలి మూలలను గుండ్రంగా చెక్కి వెడల్పు చేస్తారు. మూల వెడల్పయ్యేకొద్దీ దాటాల్సిన దూరం పెరుగుతుంది, చిన్న బండ్లు వేగం తగ్గించకుండానే తిరుగుతాయి. ట్రాలర్‌కు జాగా ఇస్తూనే నడిచేవాడికి మధ్యలో ఆగే ఎత్తైన దిమ్మె కట్టడం, చిన్న బండ్ల వేగం తగ్గేలా మూల అంచును గరుకు రాళ్లతో పరచడం ప్రపంచమంతటా తెలిసిన పద్ధతులే. మన దగ్గర కూడళ్ల అభివృద్ధి అంటే హైమాస్ట్ దీపం, మధ్యలో ఒక విగ్రహం, చుట్టూ పచ్చగడ్డి. విగ్రహానికి దొరికిన రక్షణ కంచె నడిచేవాడికి దొరకదు.

ఎక్కడికక్కడ ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టాలన్న డిమాండు తరచూ వినిపిస్తుంది. జాతీయ రహదారి మీద కొన్నిచోట్ల అది అవసరం కూడా. అయితే ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషిని, చంకన పిల్ల ఉన్న తల్లిని, చేపల గంప నెత్తినున్న ముత్యాలమ్మపాలెం మత్స్యకార మహిళను ఆరు మీటర్ల ఎత్తు ఎక్కి దిగమనడం ఏ లెక్కన న్యాయం? ఎక్కేవాళ్లు తగ్గితే ఆ వంతెన ఫ్లెక్సీలు కట్టుకోవడానికే పనికొస్తుంది. వాహనాన్ని నెమ్మదింపజేసి మనిషిని నేల మీదే నడవనివ్వడం ఖర్చు తక్కువ పని. జనమూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరి నాటి స్టాక్‌హోమ్ ప్రకటన ప్రపంచ దేశాలకు సూచించింది.

రోడ్డు ఎవరిది

పరవాడలో కాలిబాట ఎందుకు లేదు అని అడిగితే, ఎవరూ వద్దనలేదు అన్నదే సమాధానం. వేయాల్సిన బాధ్యత ఒకరి చేతిలో లేదు. జాతీయ రహదారి కేంద్ర సంస్థది. లంకెలపాలెం మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలోది. లోపలికి వెళ్తే పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది, ఊరి వీధి పంచాయతీది. ఫార్మాసిటీ లోపలి రోడ్లను దాన్ని నడిపే కంపెనీ చూసుకుంటుంది, విద్యుత్ కేంద్రం రోడ్లు ఎన్టీపీసీవి. రాష్ట్రంలో చాలా పారిశ్రామిక వాడలకు ఐలా అనే విడి స్థానిక అధికార వ్యవస్థ ఉంది. పరిశ్రమల నుంచి ఆస్తి పన్ను అది వసూలు చేసి, స్థానిక సంస్థకు కొంత వాటా ఇస్తుంది. నడిచేవాడికి ఈ సరిహద్దులు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. అతను ఒక్క కిలోమీటరులో ముగ్గురు యజమానుల రోడ్ల మీద నడుస్తాడు. ఒకరు లైటు వేస్తారు, ఇంకొకరు కాలువ తవ్వి మట్టి మార్జిన్ మీదే పోస్తారు, మూడో వారికి ఆ చోటు తమదన్న సంగతే గుర్తుండదు.

కాలువ సంగతి దగ్గర నుంచి చూడదగ్గది. మన పట్టణాల్లో ఫుట్‌పాత్ అని పిలిచేది చాలాచోట్ల మురుగు కాలువ మీద పరిచిన సిమెంటు పలకల వరుస. పలక ఒకటి విరిగితే వరుస అంతా పనికిరాదు. చీకట్లో కాలు పడితే ఎముక విరుగుతుంది కాబట్టి జనం తారు రోడ్డు మీదికి దిగుతారు, అక్కడి నుంచి లారీకి ఎదురవుతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కాలిబాటలో అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఇద్దరు ఎదురెదురుగా వచ్చినా, ఒక చక్రాల కుర్చీ వెళ్లినా సరిపోవాలన్నది ఆ 1.8 మీటర్ల వెనక ఉన్న లెక్క. మన ఊళ్లలో అంచు ఎత్తు ఒక్కోచోట మోకాలి దాకా వస్తుంది, ఎందుకంటే కాలువ ఎత్తే కాలిబాట ఎత్తు అవుతోంది. అంత ఎత్తెక్కి, ప్రతి ఇంటి గేటు దగ్గరా దిగి, మళ్లీ ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు.

ఉక్కునగరం, ఆర్ కార్డు కాలనీలు

విశాఖ దక్షిణ భాగంలో అన్నిటికంటే నడవడానికి వీలైన చోటు ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ అయిన ఉక్కునగరం. సెక్టార్లుగా వేసిన వీధులు, రెండు పక్కలా చెట్లు, నడిచిపోయే దూరంలో బడి, బజారు, ఆసుపత్రి, మైదానం. దీనికి కారణం రోడ్డు, భూమి, దీపం, చెట్టు అన్నీ ఒకే యజమాని చేతిలో ఉండడం. ఆ యజమాని ప్రభుత్వ రంగ సంస్థ కావడం వల్ల డబ్బూ, ప్రణాళికా రెండూ సమకూరాయి. ఇటుపక్క ఎన్టీపీసీ దీపాంజలి నగర్ కూడా అదే బాపతు. ప్రణాళికతో వేస్తే మనవాళ్లు హాయిగా నడుస్తారని, మన ఎండలకు నడక సరిపడదన్న వాదన ఒట్టిదని ఈ టౌన్‌షిప్‌లు నిరూపించాయి.

ఆ కర్మాగారం, ఉక్కునగరం లేచింది 64 గ్రామాల భూమి మీద. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఆంధ్రదేశమంతా ఉద్యమించింది, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. భూములిచ్చిన కుటుంబాలను పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి తదితర పునరావాస కాలనీలకు తరలించారు. వారి చేతికి వచ్చింది నిర్వాసితుల గుర్తింపు పత్రం. ఈ ప్రాంతంలో ఆర్ కార్డు అనే ఆ పత్రం తెలియనివారు ఉండరు. కార్డుతో ఉద్యోగం వచ్చినవారు ఉక్కునగరంలో క్వార్టరు పొందారు. రానివారు కాలనీల్లో మిగిలిపోయారు. ప్లాట్లు వేసిన కొత్తలో ఆ కాలనీల వీధులు తిన్నగానే ఉండేవి. తరాలు మారి, ఇంటి మీద ఇల్లు లేచి, వాకిలి ముందుకు జరిగి, మిగిలిన వీధిలో ఆటోలు నిలబడి, నడిచే జాగా సన్నగిల్లింది. ఒకే భూమి నుంచి పుట్టిన రెండు రకాల వీధులు ఒక ప్రహరీ గోడకు అటూ ఇటూ ఉన్నాయి. న్యాయం గురించి మాట్లాడేవారు ముందు చూడాల్సింది ఈ గోడనే.

నడకకే కాదు, ప్రజలు గుమిగూడే చోటుగా కూడా రోడ్డు పక్క స్థలం విలువైనదే. స్టీలు ప్లాంటు ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరిలో మొదలైన రిలే నిరాహార దీక్షల శిబిరం కూర్మన్నపాలెం కూడలిలోనే వెలిసింది.

బీచ్ రోడ్డు, కొండవాలు

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖ ఒకటి. ఎంపిక చేసిన కొంత భాగాన్ని దగ్గరుండి తీర్చిదిద్దడం ఆ పథకం పద్ధతి. ఇక్కడ ఎంపికైంది ఆర్కే బీచ్ పరిసరాలు. మంచి కాలిబాటలు, సైకిల్ దారులు, భూగర్భ తీగలు ఆ చుట్టుపక్కల వీధులకే వెళ్లాయి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత దూరం వాహనాలను ఆపేసి నడిచేవారికి వదిలే ఏర్పాటు కూడా ఉంది. అది మంచి ఏర్పాటే, తప్పు పట్టాల్సిన పని లేదు. కాకపోతే వాహనాలు ఆగాల్సిన అవసరం అదే గంటలో లంకెలపాలెంలోనూ ఉంటుంది. అక్కడ ఉదయం ఆరు గంటల షిఫ్టుకు నడిచేవారు ఉంటారు.

2011 జనగణన ప్రకారం పది లక్షలు పైబడిన దేశంలోని నగరాల్లో మురికివాడల కుటుంబాల వాటా అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మహా విశాఖలోనే: 44.1 శాతం. ముంబై కూడా దీని కంటే వెనకే. వీటిలో చాలా పేటలు కొండవాలు మీద ఉన్నాయి. అక్కడ వీధి అంటే మెట్లు. నగరపాలక సంస్థ మెట్లు, రిటైనింగ్ వాల్ కట్టిస్తుంది. పై వరుసలో ఇల్లున్నవారు గ్యాస్ బండను భుజాన మోసుకెళ్లాలి, నీళ్ల బిందెతో రోజూ ఎక్కాలి, పురిటి నొప్పులొస్తే కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపాలి. కారు రాదు కాబట్టి పిల్లలు వీధిలో నిర్భయంగా ఆడుకుంటారు, ఇరుగుపొరుగు అరుగుల మీదే ఉంటారు. యాపిల్‌యార్డ్ చూసి ఉంటే మెచ్చుకునేవాడేమో. కానీ గుండె జబ్బు మనిషికి ఆ మెట్లే జైలు.

ఫుట్‌పాత్ మీద మరో హక్కుదారు తోపుడు బండి. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే చేసి, టౌన్ వెండింగ్ కమిటీ వేసి, వెండింగ్ జోన్లు గుర్తించాకే వ్యాపారులను కదిలించాలంటుంది. 2025 సెప్టెంబరులో విశాఖలో ఆపరేషన్ లంగ్స్ పేరుతో బండ్లు, బడ్డీలు పెద్ద ఎత్తున తొలగించినప్పుడు ఈ చట్టం మాటే వివాదమైంది. నడిచేవాడికి, ఇడ్లీ బండికి తగవు పెట్టడం తేలిక. నిజానికి కార్మికుడు నడిచే దారిలో ఇడ్లీ బండి అతని అవసరమే, రాత్రి పూట దాని దీపం, మనిషి అలికిడి ఆడవాళ్లకు ధైర్యం కూడా. ఫుట్‌పాత్‌ను అసలు మింగేది పార్కింగు, కొట్టు ముందుకు దించిన ర్యాంపు. వాటి మీద అంత పట్టుదల కనిపించదు.

బస్సు, ఆడవాళ్లు, రాత్రి

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్ ఖర్చు పోయింది, బస్టాపు దాకా నడక మిగిలింది. అచ్యుతాపురం బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమలో పనిచేసే వేలాది మందిలో ఎక్కువమంది మహిళలే, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వస్తారు. ఇలాంటి పనుల్లో ప్రయాణం మొత్తంలో భయపడాల్సిన భాగం చివరి అర కిలోమీటరు: బస్సు దిగిన చోటు నుంచి ఇంటి వరకు, దీపం లేని దారి. నడక యోగ్యత పెంచడానికి కోట్లు అక్కర్లేదు అనడానికి ఇదే ఉదాహరణ. ఆ అర కిలోమీటరుకు పదిహేను ఇరవై దీపాలు, పొదలు నరకడం, బస్టాపులో కూర్చునే దిమ్మె చాలు.

నీడ, గాలి, పరుగు

ఉక్కపోత తీరంలో నడకకు నీడే ముఖ్యమైన వసతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను నేలమట్టం చేసింది. తర్వాత నాటిన మొక్కల్లో కొన్ని డివైడర్ మధ్యలో ఉన్నాయి. డివైడర్ మీది చెట్టు నీడ తారు మీద పడుతుంది, మార్జిన్ మీద నడిచేవాడికి అందదు.

పరవాడలో గాలి సంగతి వేరు. వేసవి గాలికి బూడిద చెరువుల నుంచి బూడిద లేచి ఊళ్ల మీద పడుతుందని చుట్టుపక్కల పల్లెలు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. ఫార్మాసిటీని ఆనుకుని ఉన్న తాడి గ్రామస్తులు వాసన, కలుషిత నీటి బాధ పడలేక తమ ఊరినే తరలించమని అడుగుతూ వచ్చారు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైనప్పుడు జనం తెల్లవారుజామున పరుగెత్తారు, చాలామంది రోడ్డు మీదే కుప్పకూలారు. అదే ఏడాది జూన్ 29 రాత్రి పరవాడ ఫార్మాసిటీలోని సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. జులై 13న అక్కడే విశాఖ సాల్వెంట్స్‌లో పెద్ద అగ్నిప్రమాదం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసైన్షియా కంపెనీ ప్రమాదంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. రసాయన కర్మాగారం పక్కన ఉన్న ఊరికి నడక దారి అంటే పారిపోయే దారి కూడా. గాలి ఎటు వీస్తే దానికి అడ్డంగా పోవాలన్నది విషవాయువు నుంచి తప్పించుకునే మొదటి సూత్రం. మూడు పక్కల ప్రహరీ గోడలున్న ఊరికి ఆ సూత్రం తెలిసినా లాభం లేదు. పాత పొలం గట్టు దారులు గోడల్లో కలిసిపోయినప్పుడు పోయిన వాటిలో ఇదీ ఒకటి.

ఏడాదికి ఒక రోజు

ఇంత పెద్ద నగరాన్ని నడిచేవారికి అప్పగించడం సాధ్యమేనా అన్న సందేహానికి విశాఖలోనే సమాధానం ఉంది. ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. లక్షలాది మంది తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా దాదాపు 32 కిలోమీటర్లు నడిచి మళ్లీ కొండ కిందికి చేరతారు. ఆ రోజు పోలీసులు వాహనాలను మళ్లిస్తారు. దారి పొడవునా మంచినీళ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, అదనపు దీపాలు, కూర్చునే చోట్లు వెలుస్తాయి. పేటల జనం పులిహోర, మజ్జిగ పంచుతారు. దేవస్థానం, నగరపాలక సంస్థ, పోలీసు, విద్యుత్తు, ఆరోగ్య శాఖలు ముందుగా కూర్చుని ఎవరు ఎక్కడ ఏం చేయాలో రాసుకుంటారు. పరవాడలో లేనిది సరిగ్గా ఆ సమావేశమే. రోడ్డు ఎవరిదన్న తగవు లేకుండా ఒక రాత్రి కోసం ఇన్ని శాఖలు కలవగలిగినప్పుడు, రోజూ మూడు షిఫ్టుల్లో నడిచేవారి కోసం ఎందుకు కలవవన్న ప్రశ్నకు అధికారుల దగ్గర జవాబు ఉండాలి.

చట్టం

2006 జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్లను వాహనాల కోసం కాక మనుషుల కోసం వేయాలని రాసుకుంది. చెన్నై 2014లో మోటారేతర రవాణా విధానం తెచ్చి, 2019లో పాండీ బజార్‌ను నడిచేవారి వీధిగా మార్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు, అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. ఎస్. రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు 2025 మే 14న కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసి, దివ్యాంగులకు కూడా పనికొచ్చేలా కాలిబాటలు ఉండాలని చెప్పింది. అదే కేసులో 2025 అక్టోబరు 7న మరో అడుగు వేసి, పాదచారుల భద్రతకు మోటారు వాహనాల చట్టం కింద ఆరు నెలల్లో నిబంధనలు చేయాలని రాష్ట్రాలను, పది లక్షల జనాభా దాటిన 50 నగరాల్లో కాలిబాటల తనిఖీ చేయాలని రోడ్ల యాజమాన్య సంస్థలను ఆదేశించింది.

నగరాలతో మొదలుపెట్టడం పనికి సులువే. అయితే పరవాడ పంచాయతీ. నగరానికి కావలసిన కరెంటు, మందులు అక్కడ తయారైనా జనాభా లెక్కలో అది నగరం కాదు. తనిఖీ బృందం మహా విశాఖ సరిహద్దు దగ్గర, లంకెలపాలెంలో ఆగిపోతే, అసలు నడిచేవారు మొదలయ్యే చోటే పని ఆగిపోయినట్టు. రాష్ట్ర ప్రభుత్వం చేసే నిబంధనల్లో పారిశ్రామిక వాడలకు వెళ్లే రోడ్లను, పంచాయతీ, రోడ్లు భవనాల శాఖ తేడా చూడకుండా చేర్చాలి. పరిశ్రమల నుంచి వసూలయ్యే పన్నులో కొంత ఆ రోడ్ల పక్క కాలిబాటకు, దీపాలకు కేటాయించాలి. మొదటి కాలిబాట లంకెలపాలెం కూడలి నుంచి ఫార్మాసిటీ గేటు దాకా పడాలి.